తాసీల్దారు నిద్ర గంటలు

జూలై 2

పొద్దున్న ఎనిమిదింటికి లౌడ్‌స్పీకర్లో చెప్పారు, ఈ మూడు నెలల నీలం రిబ్బను వరాలొదినకి వచ్చిందని. అప్పటికి నేను లోహపు ఉండలు కడిగే షెడ్డులో మోచేతుల దాకా బురదలో ఉన్నాను. సముద్రం అడుగునున్న మా అడుగూరు మొత్తమ్మీద అతి చురుకైన పిల్లి, మా పక్క గదిలో ఉండే ఆవిడ మల్లి అట. రోజుకి పది గంటలే పడుకుంటుందట.

మల్లి సంగతి నాకు చెప్పక్కర్లేదు. వాళ్ళ గదికీ మా గదికీ మధ్య ఒక్క రేకు గోడ. దాని పక్కన గిన్నె పడేసినా చెవి కదపదు. పదిహేను గంటలు పడుకునే దాన్ని పది అని రాసి వదిన రిబ్బను కొట్టేసింది. నేను పద్నాలుగుకి పద్నాలుగని ఉన్నదున్నట్టు రాసి, మా ఐదో వరస ఇళ్ళలోనే ఆఖరిదాన్నయ్యాను. ఊళ్ళో అందరినీ బురిడీ కొట్టించే ఈ పైడమ్మని వరాలొదిన బురిడీ కొట్టించింది. ఇది నాకు మింగుడుపడే విషయం కాదు.

అందుకని ఇవాళ్టి నుంచి రెండు పుస్తకాలు. ఆఫీసు వాళ్ళిచ్చిన పసుపు పుస్తకంలో వాళ్ళకి ముచ్చటైన అంకె. ఈ పుస్తకంలో అసలుది. లేకపోతే నాలుగు రోజులకి నా అబద్ధాన్ని నేనే నమ్మేస్తాను. దొరికితే మాత్రం ప్రమాదం. పసుపు పుస్తకంలో తప్పు రాశారని తేలితే పిల్లిని వెనక్కి తీసేసుకుంటారు. ఆఖరి పేజీలో పెద్దక్షరాలతో వేశారు.

తాసీల్దారంటే నా పిల్లి, ఒంటరితనం పోతుందని ఆఫీసు వాళ్ళే ఇచ్చారు. కాగితాల్లో వేరే పేరుంది, ఏడు తరాల వంశవృక్షంతో సహా; అది పలకాలంటే మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవాలి. వచ్చిన రోజునే నా కుర్చీ ఎక్కి, ఎవరు పిలిచినా పలక్కుండా, ఏ పనీ పెట్టుకోకుండా మధ్యాహ్నం దాకా కునుకు తీశాడు. ఆ ఉద్యోగమే ఖాయం చేశాను. రాగ్‌డాల్ జాతి, అందులోనూ సముద్రం అడుగున బతకడానికని ప్రత్యేకంగా పుట్టించిన వంశం. మీగడ రంగు ఒళ్ళు, మాడిన పాల రంగు చెవులూ తోకా, నీలం కళ్ళు. ఎత్తుకుంటే తడిగుడ్డలా నాలుగు కాళ్ళూ వేలాడేస్తాడు. గోరు బయటికి తియ్యడు. మూడేళ్ళలో నన్ను ఒక్కసారి కూడా గీరలేదు. వాడి స్థానంలో నేనుంటే ఈపాటికి నన్ను నాలుగుసార్లు గీరేదాన్ని.

నిద్ర పద్నాలుగు గంటలు. పసుపు పుస్తకంలో తొమ్మిది.

జూలై 5

రోజూ పొద్దున్నే దువ్వడం. నలభైసార్లు ఒంటికి, పదిసార్లు పొట్టకి. ఈ జాతి బొచ్చు పట్టుదారంలా ఉంటుంది. దువ్వకపోతే చంకల్లో ఉండలు కట్టేస్తుంది. రాలిన బొచ్చుని తడిబట్టతో అద్ది సంచిలో వెయ్యాలి. గాలిగొట్టంలోకి పోతే జల్లెడ మూసుకుపోయి వరసంతా నన్ను తిడుతుంది. నెత్తిమీద మూడొందల మీటర్ల నీళ్ళు పెట్టుకుని బతికేవాళ్ళకి గాలిగొట్టం ఒక్కటే కిటికీ. అసలు కిటికీలు లేవని కాదు. పళ్ళెమంత గుండ్రటి అద్దం నా గదికీ ఉంది. దాని ముందు తాసీల్దారుని కూర్చోబెడతాను. అవతల చేపలొచ్చి అద్దానికి మూతి ఆనిస్తాయి. వీడు వాటికేసి చూసి, అర్జీలు రేపు తీసుకుంటానన్నట్టు కళ్ళు మూసుకుంటాడు.

సాయంత్రం షిఫ్టు దిగి కాముడు టీకి వచ్చాడు. కామునాయుడు గాలి గదికి పెద్ద. ఐదు వరసలకీ గాలి పంచే చక్రాలు అతని చేతిలోనే ఉంటాయి. పద్దెనిమిదేళ్ళ కిందట నేనూ అతనూ ఒకే జట్టులో దిగాం. నాకంటే రెండేళ్ళు చిన్న. తోడబుట్టకపోయినా అప్పా, అంటే అక్కా అనే పిలుస్తాడు. భార్యా, కూతురూ, ఇద్దరు మనవరాళ్ళతో పిల్లలున్నవాళ్ళ వరసలో, అంటే రెండో వరసలో ఉంటాడు. తన ఇంటికి మాత్రం పిల్లి వద్దన్నాడు. మా వాడంటే ప్రాణం. రాగానే ఒళ్ళో వేసుకుంటాడు, వీడు కాళ్ళు వేలాడేస్తాడు.

టీ తాగుతూ పసుపు పుస్తకం తిరగేశాడు.

"తొమ్మిదేటప్పా. తాసీల్దారుగోరికి ఉద్యోగం మీద బెంగ పట్టుకుందేటి."

"రిబ్బనొస్తాదని సెప్పినాను. అప్పటికాడి నుంచి కాలు నిలవట్లేదు."

"తిండో?"

"రెండు పూటలా గిన్నె నాకేస్తున్నాడు."

"బాగుంది. శానా బాగుంది," అన్నాడు. నా పిల్లి చురుగ్గా ఉంటే తనకెందుకంత సంతోషమో. నా మీద అభిమానం అనుకున్నాను. అతను లేచే లోపల అతని చెప్పుల్లో ఒకదాని అడుగున జిగురు రాసి పెట్టాను. గుమ్మం దగ్గరే ఆగిపోయి, ఒంటికాలి మీద నిలబడి నన్ను తిట్టాడు. వరసంతా నవ్వింది.

నిద్ర పదిహేను. రాసింది ఎనిమిదిన్నర.

జూలై 11

రోజూ మధ్యాహ్నమయ్యేసరికి తలనొప్పి. మా వరస చివరున్న షెడ్డులో నలుగురం ఒకేసారి ఆవలించాం, ఎవరో పాట ఎత్తుకున్నట్టు. ఉండ అంటే సముద్రం నేల మీద దొరికే లోహపు గడ్డ, లడ్డంత ఉంటుంది. పోయిన నెల ఒకదానికి పసుపు రంగు వేసి, జీడిపప్పు గుచ్చి కొత్త మేనేజరుగారికి పళ్ళెంలో పెట్టాను. కొరికితే ఆయన పన్ను కదిలింది. అలాంటి పనికి ఇప్పుడు ఓపికే లేదు. వయసు మీద పడుతోందేమో.

వరాలొదిన గుమ్మానికి రిబ్బను కట్టింది, తోరణంలా. నేను దాటుతుంటే పిలిచింది.

"ఏటే పైడీ, మీ తాసీల్దారు సెలవెట్టాడేటి. అలికిడే నేదు."

"కేంపుకెళ్ళాడు. మీ మల్లి ఎంతసేపు పరిగెడతన్నాదో సూసి రమ్మన్నాను."

"మా మల్లి ఆడతాది, పాడతాది."

"రేకు గోడే గదా వదినా. దాని పాట నాకినపడతానే ఉంది."

ఆవిడ మొహం మాడ్చుకుంది. నాకు కాస్త ప్రాణం లేచొచ్చింది. కానీ వదిన మాట అబద్ధం కాదు. తాసీల్దారు నిద్ర పెరుగుతోంది. దువ్వుతుంటే మామూలుగా పొట్ట తిప్పి చూపిస్తాడు. ఇవాళ నేనే తిప్పాను. దువ్వెన చంకలోకి పెట్టినా కళ్ళు తెరవలేదు.

నిద్ర పదహారున్నర. రాసింది ఎనిమిదిన్నర. ఒకసారి తొమ్మిది నుంచి కిందికి దిగాక పైకెక్కడం అవమానం.

జూలై 16

కాంపౌండరు శేషగిరి దగ్గరికి తీసుకెళ్ళాను. మనుషులకీ పిల్లులకీ మాకు ఆయనే దిక్కు. తాసీల్దారుని బల్ల మీద పెడితే పరిచిన గుడ్డలా పడి ఉన్నాడు. చిగుళ్ళు చూశాడు, గుండె విన్నాడు. పసుపు పుస్తకం అడిగాడు.

"ఎనిమిదిన్నర గంటల నిద్ర, రెండు పూటల తిండి. దీనికి రోగమేంటమ్మా? ఊళ్ళో ఇంత ఆరోగ్యమైన పిల్లి లేదు."

"కొంచెం నీరసంగా కనబడతన్నాడని."

"ఈ జాతే అంత. ఎత్తితే వేలాడిపోతుంది. మూడేళ్ళు పెంచి అది కూడా తెలీదా?"

నిజం చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే పుస్తకం తప్పని తేలుతుంది. ఈ సాయంత్రమే బుట్టలో పెట్టి తీసుకుపోతారు. నవ్వేసి ఇంటికి తెచ్చుకున్నాను. దారి పొడుగునా వాడి తల నా భుజం మీద బరువుగా ఊగింది.

సాయంత్రం కాముడు వచ్చాడు. అతనికైనా సగం చెప్పి చూద్దామనుకున్నాను.

"కామా, ఈమధ్య వీడు మరీ తొంగుంటన్నాడురా."

అతను టీ గ్లాసు కింద పెట్టేశాడు. "ఎన్ని గంటలు? పుస్తకంలో ఎనిమిదిన్నరని ఉన్నాది గదా." ఆ అడగడంలో ఏదో కంగారు ఉంది. పిల్లి కోసం ఒక మగాడు అంత కంగారు పడడం నేనెప్పుడూ చూడలేదు. నాకు భయమేసింది, దొరికిపోయానని.

"అబ్బే, ఎనిమిదిన్నరే. నాకు తోచక అంటన్నాను."

"ఆటలాడకప్పా," అన్నాడు. గ్లాసు మళ్ళీ అందుకున్నాడు.

నిద్ర పద్దెనిమిది. రాసింది ఎనిమిది. భయానికి ఇంకో అర తగ్గించాను.

జూలై 20

నిన్న నిద్ర పందొమ్మిది, సాయంత్రం నుంచి తిండి ముట్టలేదు. చేప ఉడకబెట్టి ముళ్ళు తీసి వేలితో నోటికి అందించాను. నాలిక బయటికి పెట్టి, మళ్ళీ లోపలికి తీసుకున్నాడు. నాకు బాధ కలగకూడదని నాకినట్టు నటించాడనిపించింది.

ఇవాళ సెలవు. కాముడి మనవరాళ్ళు తాసీల్దారుని చూస్తామని ఎన్నాళ్ళ నుంచో గొడవ. పిల్లలు ఎత్తుకుంటే వాడికైనా నాకైనా కాస్త మారుతుందని పొద్దున్నే రెండో వరసకి తీసుకెళ్ళాను. కాముడు డ్యూటీలో ఉన్నాడు. కాంతం, అంటే అతని భార్య, నాకు పీట వేసింది. పిల్లలు వాడికి బొమ్మ గౌను తొడిగారు. తొడిగించుకున్నాడు.

గంట తిరక్కుండా లేచి కూర్చున్నాడు.

ఒళ్ళు విరుచుకున్నాడు. గౌనుతోనే గదంతా నడిచాడు. కాంతం గిన్నెలో ఉన్న చారు నీళ్ళు తాగి, అటక మీదికి ఎగరబోయి, గౌను అడ్డమొచ్చి కింద పడి, ఎవరూ చూడలేదు కదా అన్నట్టు చుట్టూ చూశాడు. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. నాకు మాత్రం కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. సంతోషంతో కాదు. మూడేళ్ళు దువ్వి, ముళ్ళు తీసి పెట్టి, నా మంచంలో సగం ఇచ్చాను. వీడు నా ఇంట్లో చచ్చినట్టు పడుకుంటాడు, పరాయి ఇంట్లో పెళ్ళికొడుకులా తిరుగుతాడు.

"మా ఇల్లు పడిందప్పా వాడికి," అంది కాంతం.

"మరే. నా మొకం మొత్తిందేమో."

ఇంటికి తెచ్చాను. రెండు గంటల్లో మళ్ళీ గుడ్డ. మధ్యాహ్నం మళ్ళీ తీసుకెళ్ళాను. లేచాడు. మళ్ళీ తెచ్చాను. పడుకున్నాడు. మూడోసారికి కాంతం నాకేసి వింతగా చూసింది. అప్పుడు నాకొక సంగతి తట్టింది. రెండో వరసలో ఉన్నంతసేపూ నాకూ తలనొప్పి లేదు.

జూలై 21

షెడ్డుకి సెలవు పెట్టి పట్టపగలు గాలి గదికి వెళ్ళాను. అక్కడికి మాకు పని లేదు, రానివ్వరు కూడా. గుమ్మంలో ఉన్నవాడితో నీ ప్యాంటు వెనక చినిగిందని చెప్పి, వాడు తడుముకునే లోపల దూరాను.

కాముడు లేడు. లోపల పంపు దగ్గరెక్కడో సుత్తి చప్పుడవుతోంది. గోడ మీద పెద్ద అట్ట వేలాడుతోంది. నేను చదివింది ఏడో తరగతి. అయినా అంకెలు అంకెలే కదా. ఐదు వరసలకీ ఐదు గళ్ళు. ప్రతి గడి నెత్తినా ఒక పిల్లి పేరు. ఐదోదాని మీద తాసీల్దారు. కింద నీలం సిరాతో నా పసుపు పుస్తకంలోని అంకెలు: పద్నాలుగు, తొమ్మిది, ఎనిమిదిన్నర, ఎనిమిది. ప్రతి నీలం అంకె కిందా గాలి అని ఎరుపులో ఇంకోటి: తొంభై ఆరు, తొంభై, ఎనభై రెండు, డెబ్భై నాలుగు. రెండో వరసలో మాత్రం మొదట్నించీ వంద. రాత కాముడిది.

నేను నిద్ర తగ్గించి రాసినప్పుడల్లా అతను మా గాలి తగ్గించాడు.

స్పానరు చేత్తో పట్టుకుని లోపలి నుంచి వచ్చాడు. నన్ను చూసి ఆగిపోయాడు.

"నువ్వెందుకొచ్చినావప్పా ఇక్కడికి."

"నా పిల్లి పేరు నీ గోడ మీదికెందుకొచ్చిందో సూద్దారని."

అతను స్టూలు మీద కూర్చున్నాడు. స్పానరు అటూ ఇటూ తిప్పాడు.

"మూడో పంపు జూన్లోనే ఆగిపోనాది. దానికి సామాను పైనుంచి రావాల. ఆగస్టుకి గానీ రాదు. ఉన్న గాలి పంచాల గదా. పిల్లలున్న వరసకి తగ్గించనేం."

"మాకు తగ్గించీసినావు."

"మనుసులకేటీ అవదప్పా. ఆవలింతలు, తలనొప్పి, అంతే. ఎంతవరకు తగ్గించొచ్చో పిల్లులు సెప్తాయి. ఈ వంశాన్ని పుట్టించిందే అందుకు. గాలి సాలకపోతే మనకంటే రెండు వారాల ముందు ఈటికి తెలుస్తాది. నిద్దర పెరిగితే తగ్గించడం ఆపెస్తాం."

"ఒంటరితనం పోతాదని ఇచ్చినారు."

"అదీ అబద్ధం కాదు."

"రిబ్బనో?"

"రిబ్బనెట్టకపోతే మీరు రోజూ రాయరు గదా." తల దించుకున్నాడు. "అది నా ఆలోసనే."

అందుకేనా తనింటికి పిల్లి వద్దన్నాడు. అడిగాను. స్పానరు కింద పెట్టేశాడు. నేను అట్ట కింద గోడకి ఆనుకుని కూర్చున్నాను. పద్దెనిమిదేళ్ళ కిందట మేం మొదటిసారి దిగుతుంటే, పైనుంచి మనుషుల్నీ సామాన్నీ దింపే దిగుడు పెట్టె సగంలో ఆగిపోయింది. పెట్టెలో మేమిద్దరం, పనిచేసే మాస్కు ఒక్కటి. పదకొండు గంటలు. పది ఊపిరులు నాకు, పది అతనికి. పైకి లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం. ఒక్కసారి కూడా ఒకరిదొకరం పదకొండోది తీసుకోలేదు. అప్పట్నుంచే అప్ప అన్నాడు.

"పంపు పోనాదని నాతో ఒక్క మాట సెప్పుంటే, నా వాటా తగ్గించరా అని నేనే అందును. నా ఇంట్లో కూకొని, నా టీ తాగి, నా పిల్లిని ఒళ్ళో ఏసుకొని, నా ఊపిరి కొలిసినావు. రోజూ."

"ఎవులితోనూ సెప్పొద్దని ఆఫీసోళ్ళు ఒట్టేయించుకున్నారు. ఊరు బెదిరిపోతాదని. అయినా నీకేటయింది? నీ వోడు ఎనిమిది గంటలే తొంగుంటన్నాడు గదా. పిల్లి బాగుంటే నువ్వూ బాగున్నట్టే. ఆ అంకె సూసుకొనే నాను నిద్దరోతన్నాను."

అప్పుడు చెప్పక తప్పలేదు. చెప్పాను. వరాలొదినా, రిబ్బనూ, రెండు పుస్తకాలూ. అసలు అంకెలు ఒక్కొక్కటే చెబుతూ వచ్చాను. పందొమ్మిది అనేసరికి లేచి చక్రం దగ్గరికి పరిగెత్తాడు. రెండు చేతులతో వెనక్కి తిప్పాడు. ఆఫీసు గదుల చక్రం బిగించాడు, భోజనశాలది బిగించాడు, తన గాలి గదిది కూడా బిగించాడు. మా గడిలో ఎనభై ఎనిమిది దాకా వచ్చి ఆగింది. ఇంకా పెంచాలంటే పిల్లల వరసలో తగ్గించాలి. చక్రం మీద చెయ్యి వేసి నాకేసి చూశాడు.

"ఒద్దు," అన్నాను.

"మీ వరసలో ఏడు పుస్తకాలు," అన్నాడు, వెనక్కి తిరక్కుండానే. "ఆరిట్లో అబద్ధాలు రాస్తన్నారని నాకు తెల్దేటి. నీదొక్కటే సూసీవోణ్ణి. ఊరందరితోటీ ఆడతావు, పిల్లి కాడ ఆడవనుకున్నాను."

"నాను కూడా అట్టాగే అనుకున్నాను. ఊరందరి కాడా దాస్తావు, నా కాడ దాయవని."

సుత్తి చప్పుడు ఆగింది. పంపు దగ్గరి మనిషి తొంగి చూసి, మళ్ళీ లోపలికి పోయాడు.

జూలై 22

వరస మధ్యలో అందరినీ పోగు చేసి చెప్పాను. మొదట ఎవరూ నమ్మలేదు. పైడమ్మ ఇంకేదో వేషం వేస్తోందని చేతులు కట్టుకుని నిలబడ్డారు. నవ్వించకుండా నేనింతసేపు మాట్లాడడం వాళ్ళెప్పుడూ చూడలేదు కాబట్టి, నెమ్మదిగా నవ్వులు ఆగాయి.

"మీ పిల్లుల్ని బయటికి తెండి," అన్నాను.

తెచ్చారు. ఏడూ ఏడు గుడ్డముక్కల్లా నేల మీద పరుచుకున్నాయి. మల్లి నాలిక కొంచెం బయటికి వచ్చి ఉంది. వరాలొదిన దాని పక్కన చతికిలబడి నాలిక లోపలికి పెట్టబోయింది.

"పదేళ్ళనాడు మా ఆయన పోయినప్పుడు ఒక్క పురుగు తలుపు తట్టలేదు," అంది, ఎవరితోనో తెలీకుండా. "రిబ్బనొచ్చినాక రోజుకొకరు వచ్చి పలకరిస్తన్నారు. అందుకు రాసినాను."

పక్క గదిలో ఉండి నేను కూడా తట్టలేదు.

మధ్యాహ్నానికి వరసంతా వెళ్ళి మేనేజరు గుమ్మంలో కూర్చున్నాం. గాలి అట్ట ప్రతి వరసలోనూ అందరికీ కనబడేలా కట్టాలి. వరసలో పెద్దల సంతకం లేకుండా చక్రం కదపకూడదు. ఆయన ముందు కుదరదన్నాడు. ఆఫీసులో గాలి తగ్గించి ఉంది కదా, మాతో రెండు గంటలు వాదించేసరికి ఆయనకే ఆవలింతలొచ్చాయి. సరే అన్నాడు.

పిల్లులకి ఎనభై ఎనిమిది చాలదు. వాటిని పంపు బాగయ్యేదాకా రెండో వరసలో పెట్టాలని శేషగిరి చెప్పాడు. ఏడు బుట్టలు, ఏడుగురు ఆడా మగా, ఊరేగింపులా వెళ్ళాం. ఎవరింటికి ఏది అని చీటీలు తీశారు. తాసీల్దారుకి చీటీ తియ్యలేదు. కాంతం వచ్చి నా చేతిలోంచి బుట్ట అందుకుంది. వాడికి తెలిసిన ఇల్లు అదొక్కటే. వద్దనడానికి నా దగ్గర గాలి లేదు.

ఆగస్టు 3

రోజూ షిఫ్టు దిగాక దువ్వెన పట్టుకుని వెళ్తున్నాను. లోపలికి వెళ్ళను. వరస నడవాలో పీట వేసుకుంటే కాంతం వాడిని తెచ్చి ఒళ్ళో పెడుతుంది. నలభై, పది. తింటున్నాడు. వెనక కాళ్ళు ఇంకా కొంచెం తడబడుతున్నాయి. పాప వెంట పరిగెత్తబోయి కూలబడిపోతాడు. నిద్ర పదమూడు. ఇప్పుడు ఒకటే పుస్తకం, ఒకటే అంకె.

ఇవాళ త్వరగా వెళ్ళాను. తలుపు తీసే ఉంది. కాముడు మంచం మీద కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో తాసీల్దారు. గడ్డం కింద గోకుతుంటే వాడు తల వెనక్కి వాల్చి, కాళ్ళు వేలాడేసి, మోటారులా గుర్రుమంటున్నాడు. మా ఇంట్లో నా ఒళ్ళో ఎలా ఉంటాడో అచ్చం అలాగే.

ఒక్క గీత గీరతాడేమోనని నిలబడి చూశాను. ఏం తెలుసని గీరతాడు. వాడిని ఎత్తుకున్న ప్రతి చేతినీ నమ్మేలా ఏడు తరాలు శ్రమపడి తయారుచేశారు. నా అంకెలు వాడి గాలి తీసేస్తున్నప్పుడు కూడా వాడు నా మంచం మీదే, నా చెయ్యి తలకింద పెట్టుకునే పడుకున్నాడు. నా మీదా గీత పడలేదు.

దువ్వకుండానే తిరిగొచ్చేశాను.

ఆగస్టు 19

పోయిన వారం పంపు సామానుతో దిగుడు పెట్టె వచ్చింది. మూడో పంపు నిన్నట్నుంచి తిరుగుతోంది. వరసలో కట్టిన అట్ట మీద వంద అని రాశారు. జనం సినిమా చూసినట్టు దాని ముందు గుంపుగా నిలబడ్డారు. వరాలొదిన మల్లిని తెచ్చుకుంది. పొద్దున్నే నా తలుపు తట్టి, దాని గోళ్ళు కత్తిరించాలి కాస్త పట్టుకోవే అంది. పట్టుకున్నాను.

సాయంత్రం కాముడు తానే తాసీల్దారుని ఎత్తుకుని వచ్చాడు. కింద దించాడు. వాడు గదంతా వాసన చూసి, కుర్చీ ఎక్కడానికి రెండుసార్లు తప్పి, మూడోసారి ఎక్కాడు. నేను సాయం పట్టలేదు. చూస్తూ నిలబడ్డాను.

"కాళ్ళు ఇంకో నెలకి సర్దుకుంటాయని శేషగిరి సెప్పినాడు," అన్నాడు కాముడు.

"కూర్చోండి."

కూర్చున్నాడు. టీ పెట్టాను. పద్దెనిమిదేళ్ళుగా నా ఇంట్లో టీ తాగే ముందు గ్లాసు వాసన చూడడం అతని అలవాటు. ఉప్పు, వాము, ఒకసారి సబ్బు నురగ. వీటిలో అతను బోల్తా పడనిది లేదు. ఇవాళా వాసన చూశాడు. వేలు పెట్టి అడుగంతా కలిపాడు. ఒక చుక్క నాలిక మీద వేసుకుని, నాకేసి చూస్తూ ఆగాడు. మొహంలో ఎక్కడో నవ్వు సిద్ధంగా పెట్టుకున్నాడు.

"ఏటేసినావప్పా ఇందులో."

"ఏమీ లేదు. టీయే."

ఇంకో గుక్క తాగాడు. ఇంకోటి. అడుగున ఏదో ఉండే ఉంటుందని నెమ్మదిగా, ఆశగా చివరి చుక్క దాకా తాగాడు. గ్లాసు వంచి లోపలికి చూశాడు. ఆ నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు కూర్చుని, లేచాడు. చెప్పులు వేసుకోబోతూ వాటిని తిరగేసి అడుగులు తడిమాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

"రేపు రానా అప్పా."

"మీ ఇష్టం నాయుడుగారూ," అన్నాను. గ్లాసు తీసి కడగడానికి వెళ్ళాను.